గడ్డలో చేరిన తెల్లకణాల్లో పోరాడేవి ఏవి?

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక వచ్చే పాథాలజీ నివేదికలో చాలామంది కళ్లు ఆగని వాక్యం ఒకటి ఉంటుంది. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు ఉంది, పేగు గోడలోకి ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫ్ గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటికి పాకింది అన్న వివరాలన్నీ అయిపోయాక, అడుగున ఎక్కడో, గడ్డలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు బాగా చేరాయనో, తక్కువగా ఉన్నాయనో రాస్తారు. వరంగల్ నుంచి, మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి ఆ కాగితాలు పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కే కుటుంబాలు డాక్టరును అడిగేది పైనున్న విషయాల గురించే. అది సహజం. అయితే గత ఇరవై ఏళ్లలో ఈ క్యాన్సర్ గురించి కొత్తగా తెలిసిన సంగతుల్లో అత్యంత విలువైనవి కొన్ని ఆ అడుగు వాక్యాన్ని తవ్వితే దొరికినవే.

ఆ వాక్యం రాసే పాథాలజిస్టు ముందు ఉండేది ఒక గాజు పలక. గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మెలో బిగించి, వెంట్రుక మందంలో పదో వంతు కన్నా పలచగా కోసి, గులాబీ, ఊదా రంగులు అద్దుతారు. ఆరోగ్యంగా ఉన్న పేగు పొరలో గ్రంథులు వరుసగా, గుండ్రంగా కనిపిస్తాయి. క్యాన్సర్ ఉన్నచోట అవి వంకరలు పోయి, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, నడుమ చచ్చిన కణాల చెత్తతో నిండి ఉంటాయి. ఆ గ్రంథుల అంచుల వెంబడి, కొన్నిచోట్ల గ్రంథి గోడలోనే ఇరుక్కుని, చిన్న చిన్న ముదురు ఊదా చుక్కలు ఉంటాయి. కేంద్రకం తప్ప మరేమీ లేనట్టు కనిపించే ఆ చుక్కలే లింఫోసైట్లు. ఎంత అనుభవం ఉన్న కన్నుకైనా, ఈ రంగుల్లో చూస్తే అవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి క్యాన్సర్ కణాన్ని చంపుతున్న టి కణం కావచ్చు. దాని పక్కది, ఆ చంపడాన్ని ఆపుతున్న నియంత్రక టి కణం కావచ్చు. మూడోది ఎప్పుడో వచ్చిపోయిన ఫ్లూ వైరస్‌ను గుర్తుంచుకుని తిరుగుతూ, క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేకుండా ఇక్కడికి చేరినది కావచ్చు.

వీటిని విడదీసి చూపే సాధనమే సింగిల్ సెల్ సీక్వెన్సింగ్. గడ్డలోని ఒక్కో కణంలో ఆ సమయానికి ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివే పద్ధతి ఇది. హనుమకొండలో డిగ్రీ, పీజీ విద్యార్థులకు జీవశాస్త్రం చెప్పే నాకు ఈ పద్ధతి గురించి ఎదురయ్యే ప్రశ్నలు రెండు రకాలు. విద్యార్థులు అది ఎలా పనిచేస్తుందని అడుగుతారు. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు అది చేయిస్తే మందు ఏదో తెలుస్తుందా అని అడుగుతారు. ఒకదానికి జవాబు చెప్పకుండా రెండోదానికి నిజాయితీగా జవాబు చెప్పలేం.

లెక్కపెట్టడంతో ఎంతవరకు వచ్చాం

2006లో ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ గలోన్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పెద్దపేగు గడ్డలో రోగనిరోధక కణాలు ఏ రకానివి, ఎంత దట్టంగా ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అన్న మూడు సంగతులు చూస్తే, రోగి ఎంతకాలం బాగుంటాడో మామూలు స్టేజీ లెక్క కన్నా మెరుగ్గా అంచనా వేయవచ్చని అది చెప్పింది. గడ్డ నడిమిలోనూ, ఆరోగ్యకరమైన కణజాలంలోకి గడ్డ చొచ్చుకుపోయే అంచులోనూ టి కణాలు దట్టంగా ఉన్నవారికి క్యాన్సర్ తిరగబెట్టడం తక్కువ. ఈ ఆలోచన నుంచి పుట్టిన ఇమ్యూనోస్కోర్ అనే లెక్కను 2018లో 2,681 మంది రోగుల నమూనాలతో సరిచూసి ‘లాన్సెట్’లో ప్రచురించారు. లెక్క నిలబడింది.

ఇంతటితో కథ ముగిసిపోయేదే. కానీ ఇమ్యూనోథెరపీ వచ్చింది. టి కణాల మీద పీడీ-1 అనే ఒక ప్రొటీన్ ఉంటుంది. దాన్ని నొక్కితే టి కణం పని ఆపేస్తుంది. క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ ఉన్న ఇతర కణాలు ఆ మీటను నొక్కి పట్టుకుంటాయి. అలా నొక్కకుండా అడ్డుపడే మందులే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటివి. ఈ మార్గం కనుగొన్నందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. టి కణాలు గడ్డలో ఉంటే చాలు, మందు వాటిని విడిపిస్తుందని అనుకోవడం సహజం. 2015లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం వేరే మాట చెప్పింది. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఒక వర్గానికి పెంబ్రోలిజుమాబ్ ఇస్తే 10 మందిలో నలుగురికి గడ్డలు తగ్గాయి. మరో వర్గంలో 18 మందికి ఇస్తే ఒక్కరికీ తగ్గలేదు.

రెండు వర్గాల మధ్య తేడా ఒక్కటే. కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏ నకలు తీస్తుంది. నకలులో దొర్లే తప్పులను వెతికి సరిదిద్దే ఏర్పాటు ఒకటి కణంలో ఉంటుంది. మిస్‌మ్యాచ్ రిపేర్ అనే ఈ ఏర్పాటును విప్పి చూపిన పాల్ మాడ్రిచ్ 2015 రసాయన నోబెల్ విజేతల్లో ఒకరు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతంలో ఇది చెడిపోయి ఉంటుంది. ఒంట్లో వేరే భాగాలకు పాకిన దశలో చూస్తే ఆ వాటా 4, 5 శాతమే. ఏర్పాటు చెడిన గడ్డలో తప్పులు కుప్పలుగా పేరుకుంటాయి. ఆ తప్పుల వల్ల తయారయ్యే వింత ప్రొటీన్ ముక్కలను టి కణాలు పరాయివిగా గుర్తుపడతాయి. మొదటి వర్గం రోగులు వీళ్లే. మిగిలిన 85 శాతం గడ్డల్లోనూ టి కణాలు ఉన్నాయి, కొన్నింటిలో చాలానే ఉన్నాయి. అయినా మందు పనిచేయదు. ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్న ఇక్కడికి వచ్చి ఆగిపోయింది. ఏం చేస్తున్నాయి, దేని పక్కన ఉండి చేస్తున్నాయి అని అడగాల్సి వచ్చింది.

ముక్క నుంచి కణం దాకా

గడ్డలో పనిచేస్తున్న జన్యువులను అంతకుముందూ చదివేవారు. ముక్క మొత్తాన్ని నూరి, పనిచేసే జన్యువుల నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ అంతా కలిపి చదివేవారు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి తెలిసినవారికి దీని చిక్కు వెంటనే అర్థమవుతుంది. తేజ రకం నాలుక మండించే కారం. చపాటా ఎర్రటి రంగుకు పేరు, కారం తక్కువ. రెండింటినీ కలిపి పొడి కొట్టించి చేతిలో పెడితే ఒక మోస్తరు ఎరుపు, ఒక మోస్తరు కారం. అందులో రెండు రకాలున్నాయా, అంతా ఒకే రకమా అని ఆ పొడి చెప్పదు. గడ్డను నూరితే వచ్చే సగటు కూడా అంతే.

ఒక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏను చదవడం ఎందుకు కష్టమో అంకెల్లో చూడాలి. మామూలు మానవ కణంలో మొత్తం ఆర్‌ఎన్‌ఏ 10 నుంచి 30 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. విశ్రాంతిలో ఉన్న టి కణంలో ఇంకా తక్కువ. అందులోనూ, జన్యువు పనిచేస్తోందని చెప్పే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కొద్ది శాతమే. 2009లో ఎలుక పిండంలోని ఒక్క కణం నుంచి దీన్ని మొదటిసారి పూర్తిస్థాయిలో చదివారు. 2015లో హార్వర్డ్‌కు చెందిన రెండు బృందాలు ఒకేసారి నూనెలో తేలే నీటి బిందువుల పద్ధతిని ప్రకటించడంతో, కణాలను పదుల్లో కాక వేలల్లో చదవడం సాధ్యమైంది.

పని ఆపరేషన్ థియేటర్‌లోనే మొదలవుతుంది. తీసిన గడ్డ నుంచి చిన్న ముక్కను, దానికి దూరంగా ఉన్న ఆరోగ్యకరమైన పేగు నుంచి ఇంకో ముక్కను, వీలైతే కొంత రక్తాన్ని తీసుకుంటారు. ఫార్మలిన్‌లో వేయరు. చల్లని నిల్వ ద్రవంలో, మంచు మీద పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడికి చేరాక సన్నగా తరిగి, కణాలను పట్టి ఉంచే కొలాజెన్‌ను కరిగించే ఎంజైమ్‌లో 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కణాలు విడివడతాయి. ఇక్కడే మొదటి ప్రమాదం. బతికున్న కణం ఈ హింసకు స్పందిస్తుంది. ఫాస్, జున్ వంటి ఒత్తిడి జన్యువులు ఎంజైమ్‌లో ఉన్న ఆ కాసేపట్లోనే మేల్కొంటాయి. తర్వాత చదివినప్పుడు అవి గడ్డలోంచి వచ్చిన సంకేతాలేమో అనిపిస్తాయి. ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచితే సున్నితమైన కణాలు చచ్చిపోతాయి, తక్కువసేపు ఉంచితే గట్టిగా అతుక్కున్నవి ఊడి రావు. ఎంతసేపు ఉంచాలన్న ఈ నిర్ణయం ఫలితాన్ని ఎంత మారుస్తుందో ప్రయోగశాలలో పనిచేసినవారికే తెలుసు. పత్రికల్లో వచ్చే రంగురంగుల బొమ్మల్లో అది కనిపించదు.

విడివడిన కణాలను సన్నని కాలువలున్న ఒక చిప్‌లోకి పంపుతారు. ఒక వైపు నుంచి కణాలు, ఇంకో వైపు నుంచి చిన్న జెల్ పూసలు, అడ్డంగా నూనె. నీరు నూనెను తాకినచోట బిందువులుగా తెగిపోతుంది. ఒక్కో బిందువు పరిమాణం నానోలీటరు స్థాయిలో ఉంటుంది. ఒక బిందువులో ఒక పూస, ఒక కణం పడాలి. రెండేసి కణాలు పడకుండా ఉండాలంటే కణాలను బాగా పలచన చేసి పంపాలి. అందుకే ఎక్కువ బిందువుల్లో కణమే ఉండదు. పూస మీద లక్షల డీఎన్‌ఏ పోగులు అతికించి ఉంటాయి. ప్రతి పోగులోనూ మూడు భాగాలు. ఆ పూసకు మాత్రమే చెందిన గుర్తు మొదటిది. సాధారణంగా వాడే పద్ధతిలో ఇది 16 అక్షరాల పొడవుంటుంది. ఒకే పూస మీద కూడా పోగు పోగుకూ మారే గుర్తు రెండోది. వరుసగా ‘టి’ అక్షరాలుండే తోక మూడోది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివర వరుసగా ‘ఎ’ అక్షరాలు ఉంటాయి కాబట్టి ఆ తోకకు అది అతుక్కుంటుంది. బిందువులో కణం పగిలి ఆర్‌ఎన్‌ఏ బయటపడగానే పోగులు దాన్ని పట్టుకుంటాయి, దాని నకలు డీఎన్‌ఏగా తయారవుతుంది. ఆ తర్వాత బిందువులన్నీ పగలగొట్టి అంతా కలిపేసినా నష్టం లేదు. ఏ నకలు ఏ కణం నుంచి వచ్చిందో మొదటి గుర్తు చెబుతుంది. ఒకే అణువును యంత్రం వందసార్లు చదివితే ఒకటిగానే లెక్కించాలని రెండో గుర్తు చెబుతుంది.

చివరికి చేతికి వచ్చేది ఒక పెద్ద పట్టిక. అడ్డంగా కణాలు, నిలువుగా మనిషికి ఉన్న సుమారు 20,000 జన్యువులు. గళ్లలో చాలావరకు సున్నాలే. ఒక కణంలో ఒక్కోసారి వెయ్యి, రెండు వేల జన్యువులే దొరుకుతాయి. ఉన్న ఆర్‌ఎన్‌ఏలో కొంత భాగమే పోగులకు చిక్కుతుంది కాబట్టి, సున్నా కనిపిస్తే ఆ జన్యువు పనిచేయడం లేదని అనలేం. అందుకే ఒక్క కణాన్ని పట్టుకుని తీర్పు చెప్పరు. పోలికలున్న కణాలను కంప్యూటర్‌తో గుంపులుగా చేర్చి, గుంపును చదువుతారు. సీడీ8ఎ అనే జన్యువు ఉంటే చంపే టి కణం, ఫాక్స్‌పీ3 ఉంటే నియంత్రక టి కణం, సీడీ79ఎ ఉంటే ప్రతిరక్షకాలు తయారుచేసే బి కణాల వంశం.

గడ్డలో ఏం కనిపించింది

2018లో చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయ బృందం ‘నేచర్’లో ప్రచురించిన పనిని నేను తరగతిలో ముందుగా చెబుతాను. 12 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల రక్తం, ఆరోగ్యకరమైన పేగు, గడ్డ నుంచి 11,138 టి కణాలను వారు చదివారు. అంకె పెద్దదేం కాదు. వాళ్లు అడిగిన ప్రశ్న గొప్పది. ప్రతి టి కణానికీ తాను గుర్తుపట్టే లక్ష్యాన్ని నిర్ణయించే ఒక గ్రాహకం ఉంటుంది. జన్యువు ముక్కలు అటూ ఇటూ కలిసి తయారయ్యే దాని వరుస, ఒక టి కణానికీ ఇంకో దానికీ దాదాపు ఎప్పుడూ కలవదు. రెండు కణాల్లో అదే వరుస కనిపిస్తే అవి ఒకే తల్లికణం సంతానం. ఆ లెక్కన ఒక కుటుంబానికి చెందిన కణాలు రక్తంలో ఎన్ని, గడ్డలో ఎన్ని, అవి ఏయే స్థితుల్లో ఉన్నాయో గుర్తించవచ్చు.

అలా చూసినప్పుడు, గడ్డలో అలసిపోయిన స్థితిలో ఉన్న టి కణాల్లో ఒకే కుటుంబానికి చెందినవి ఎక్కువగా కనిపించాయి. అంటే అవి అక్కడ ఒక లక్ష్యాన్ని గుర్తించి, పెరిగి, పనిచేసి, చివరికి ఆ స్థితికి చేరినవి. మిస్‌మ్యాచ్ రిపేర్ చెడిన గడ్డల్లో మరో రకం సహాయక టి కణాలు ఎక్కువగా ఉన్నాయి. సీఎక్స్‌సీఎల్13 అనే సంకేత అణువును విడుదల చేసే ఈ కణాలు, ఆ రోగులకు ఇమ్యూనోథెరపీ ఎందుకు పనిచేస్తుందో చెప్పే ఆధారాల్లో ఒకటి.

అదే ఏడాది సింగపూర్ శాస్త్రవేత్తలు ముందున్న బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. పెద్దపేగు, ఊపిరితిత్తుల గడ్డల్లోని చంపే టి కణాల్లో కొన్ని ఫ్లూ, సైటోమెగలో వంటి వైరస్‌లను గుర్తుపట్టేవి. వాటికి క్యాన్సర్‌తో సంబంధం లేదు. వాటి మీద సీడీ39 అనే ప్రొటీన్ కనిపించలేదు. గాజు పలక మీద మనం చూసి సంతోషించిన ఊదా చుక్కల్లో ఇవీ ఉన్నాయి. దట్టంగా టి కణాలున్న ప్రతి గడ్డా మందుకు ఎందుకు లొంగదో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా సూటి ఆధారం నాకు కనిపించలేదు.

టి కణాలే అంతా కాదు. గడ్డలోకి చేరే, క్రిములను, చచ్చిన కణాలను మింగే మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు ఒకప్పుడు రెండు రకాలని పాఠ్యపుస్తకాల్లో రాసేవారు, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అన్నట్టు. ఒక్కో కణాన్ని చదివితే ఆ విభజన నిలవలేదు. పెకింగ్ బృందమే 2020లో ‘సెల్’ పత్రికలో, పెద్దపేగు గడ్డల్లోని మాక్రోఫేజ్‌లలో రెండు ప్రధాన గుంపులను చూపింది. సీ1క్యూసీ జన్యువు పనిచేసేవి ఒక గుంపు. ఎస్‌పీపీ1 జన్యువు పనిచేసే రెండో గుంపు కొత్త రక్తనాళాలు పుట్టడానికి, గడ్డ పెరగడానికి తోడ్పడే లక్షణాలు చూపింది. మాక్రోఫేజ్‌లను తుడిచిపెట్టాలని తయారుచేసిన ఒక తరహా మందును ఎలుకల్లో వాడితే, మొదటి గుంపును పోలిన కణాలు తగ్గాయి. గడ్డకు తోడ్పడే రెండో గుంపు మిగిలిపోయింది. ఆ తరహా మందులు ఒంటరిగా వాడినప్పుడు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికి ఒక కారణం ఇక్కడ దొరికింది. కలిపి నూరితే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోటు ఉంది. కణాలను విడదీయగానే అవి గడ్డలో ఎక్కడున్నాయో, దేని పక్కన ఉన్నాయో ఆ ఆచూకీ పోతుంది. 2021లో అమెరికా శాస్త్రవేత్తలు 62 మంది రోగుల నుంచి 3,71,223 కణాలను చదివి, వాటితో ఆగకుండా, కోసిన గడ్డ పలకల మీద ఆ కణాల స్థానాలను మళ్లీ వెతికారు. ఆ రోగుల్లో 34 మందివి రిపేర్ చెడిన గడ్డలు, 28 మందివి చెడనివి. చెడిన గడ్డల లోపల చురుకైన టి కణాలు చెల్లాచెదురుగా లేవు. టి కణాలను పిలిచే సంకేతాలను విడుదల చేసే క్యాన్సర్ కణాలతో, మాక్రోఫేజ్‌ల వంటి మైలాయిడ్ కణాలతో కలిసి గుమిగూడి ఉన్నాయి. పేగు లోపలి వైపు ఉన్న గడ్డ ఉపరితలం దగ్గర వేరే గుంపు కనిపించింది. అక్కడ కణజాలం దెబ్బతిని ఉంది, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల వంటివాటిని పిలిచే సంకేతాలు ఎక్కువ. ఒకే గడ్డ, అందులో రెండు చోట్ల రెండు వేర్వేరు వాతావరణాలు. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో ముక్క పరీక్షకు పైనుంచి చిన్న ముక్క తీసినప్పుడు మనకు అందేది ఇందులో ఏ చోటి సంగతి అన్న ప్రశ్న నన్ను వదలదు.

మరో ఫలితం 2023లో ‘నేచర్’లో వచ్చింది. చంపే టి కణం క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టాలంటే, క్యాన్సర్ కణం తన ప్రొటీన్ ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అనే అణువు మీద పెట్టి చూపాలి. రిపేర్ చెడిన గడ్డల్లో కొన్ని ఆ అణువునే పోగొట్టుకుంటాయి. అప్పుడు టి కణాలకు కనిపించవు కాబట్టి ఇమ్యూనోథెరపీ పనిచేయకూడదు. కానీ పనిచేసింది. నెదర్లాండ్స్ పరిశోధకులు వెతికితే ఆ గడ్డల్లో గామా డెల్టా టి కణాలు దొరికాయి. లక్ష్యాన్ని గుర్తించడానికి వాటికి హెచ్‌ఎల్‌ఏ ప్రదర్శన అవసరం లేదు. ఇంతకాలం అరుదైనవిగా పక్కన పెట్టిన ఈ కణాలు ఆ రోగుల్లో పని చేస్తున్నాయని ఆధారాలు దొరికాయి.

నమ్మేముందు

లక్షల కణాలు అనగానే ఫలితం తిరుగులేనిదని అనిపిస్తుంది. కానీ ఒక రోగి నుంచి తీసిన పదివేల కణాలు పదివేల సాక్ష్యాలు కావు. అవన్నీ ఒకే శరీరం, ఒకే ఆపరేషన్, ఒకే రోజు ఎంజైమ్‌లో నానినవి. గణాంకాలు రోగుల సంఖ్య మీద కట్టాలి. ఈ రంగంలో కణాలను రోగులుగా లెక్కించి లేని తేడాలను ఉన్నట్టు చూపిన పనులు తక్కువేమీ కాదు. ఏ పరిశోధనను చదివినా కణాల సంఖ్యను దాటేసి, ఎంతమంది రోగులు అని వెతకమని విద్యార్థులకు చెబుతాను.

న్యూట్రోఫిల్స్ సంగతీ చూడాలి. వాటిలో ఆర్‌ఎన్‌ఏ తక్కువ, ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్‌లు ఎక్కువ, శరీరం బయట ఎంతోసేపు బతకవు. బిందువుల పద్ధతిలో అవి ఉన్నదానికన్నా బాగా తక్కువగా కనిపిస్తాయి. పట్టికలో లేవు కాబట్టి గడ్డలో లేవనుకుంటే తప్పు. పగిలిన కణాల ఆర్‌ఎన్‌ఏ ద్రవంలో తేలుతూ వేరే బిందువుల్లో పడటం, రెండు కణాలు ఒకే బిందువులో చిక్కి వింత కొత్త కణంలా కనిపించడం కూడా ఉన్నవే. వీటిని ఏరివేసే ప్రోగ్రాములు ఉన్నాయి, అయినా చివరి తీర్పు చూసేవారిదే.

ఇంట్లో రోగి ఉంటే

సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ చేయిస్తే మందు తెలుస్తుందా అన్న ప్రశ్నకు నా జవాబు: దానివల్ల మందు ఏదో తేలదు. ఇది పరిశోధన సాధనం. ఒక రోగి ఫలితాన్ని బట్టి ఫలానా మందు ఇవ్వాలని చెప్పే ప్రమాణాలు లేవు. దాని కోసం డబ్బు, సమయం ఖర్చు చేయవద్దు.

చేయించాల్సిన పరీక్ష వేరే ఉంది. అది ఉన్న మైనపు దిమ్మె మీదే జరుగుతుంది. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు రిపేర్ ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయా లేవా అని చూసే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష. ప్రొటీన్ ఉంటే క్యాన్సర్ కణాల కేంద్రకాలు గోధుమ రంగులోకి మారతాయి. లేకపోతే నీలంగా మిగిలిపోతాయి. పరీక్ష సరిగ్గా జరిగిందా అని పాథాలజిస్టు చూసేది, అదే పలక మీదున్న లింఫోసైట్ల వైపు. అవి రోగి మామూలు కణాలు కాబట్టి గోధుమ రంగులో ఉండాలి. అవీ నీలంగా ఉంటే పరీక్ష మళ్లీ చేయాలి.

ఈ ఒక్క ఫలితం ఎంత తేడా తెస్తుందో చూడండి. రిపేర్ చెడిన పురీషనాళ క్యాన్సర్ ఉన్న 12 మందికి, పీడీ-1ను అడ్డుకునే మరో మందు డోస్టార్లిమాబ్ ఇస్తే, అందరికీ గడ్డ కనిపించకుండా పోయిందని 2022లో ప్రకటించారు. 2025 నాటికి చికిత్స పూర్తయిన పురీషనాళ రోగులు 49 మంది, వారందరిలోనూ అదే ఫలితం. పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్‌కు ముందు రెండు ఇమ్యూనోథెరపీ మందులు ఇచ్చి చేసిన ప్రయోగంలో 111 మందిలో 75 మందికి, తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణమే దొరకలేదని 2024లో వెల్లడించారు. ఈ మందులు ఖరీదైనవి, అందరికీ అందేవి కావు. అయినా తమ గడ్డ ఏ వర్గంలోనిదో తెలుసుకునే హక్కు ప్రతి రోగికీ ఉంది. ఇంకో కారణమూ ఉంది. రిపేర్ చెడటం కొందరిలో వంశపారంపర్యంగా వస్తుంది. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. అలాంటి రోగి పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ జన్యులోపం వచ్చే అవకాశం సగం. వారికి ముందు నుంచే కొలనోస్కోపీలు చేస్తే క్యాన్సర్ కాకముందే పాలిప్‌లు అనే చిన్న బుడిపెలను తీసేయవచ్చు. నలభై ఏళ్లకే పేగు క్యాన్సర్ వచ్చిన మనిషి ఇంట్లో ఈ పరీక్ష జరగకపోతే, నష్టపోయేది ఆ ఒక్క మనిషే కాదు. మలంలో రక్తం పడితే మొలలని సరిపెట్టుకుని నెలలు గడిపేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట మరీ గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

మనవాళ్ల కణాలు ఎక్కడ

నేను పైన చెప్పిన పరిశోధనల్లో రోగులు ఎక్కువగా చైనా, అమెరికా, నెదర్లాండ్స్ వంటి దేశాలకు చెందినవారు. కొరియా, బెల్జియం రోగులతో 2020లో మరో పెద్ద పని వచ్చింది. మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకన్నా తక్కువే. కానీ మన ఆసుపత్రుల నివేదికల్లో చిన్న వయసు రోగుల వాటా ఎక్కువగా కనిపిస్తోంది. మన తిండి, మన పేగుల్లోని సూక్ష్మజీవులు, చిన్నప్పటి నుంచి మనకు వచ్చిపోయే ఇన్‌ఫెక్షన్లు వేరు. ఇవన్నీ పేగు గోడలోని రోగనిరోధక కణాల మీద ప్రభావం చూపేవే. ఆరోగ్యవంతుల రక్తంలోని రోగనిరోధక కణాల మీద ఆసియా దేశాలు కలిసి చేసిన ఏఐడీఏ అట్లాస్‌లో భారతీయులూ ఉన్నారు. 619 మంది నుంచి పన్నెండు లక్షలకు పైగా కణాలు చదివారు. జనాభాను బట్టి, వయసును బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి కణాల వాటాలు మారుతున్నాయని అది చూపింది. రక్తంలోనే అంత తేడా ఉంటే, గడ్డలో ఎంత ఉంటుందో చదివితేనే తెలుస్తుంది.

ఇన్నాళ్లూ దీనికి పెద్ద అడ్డంకి దూరం. బతికున్న ముక్క కావాలి, కొన్ని గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. వరంగల్‌లో ఉదయం ఆపరేషన్ మొదలై మధ్యాహ్నానికి గడ్డ బయటికి వస్తే, సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ప్రయోగశాలలో సాయంత్రానికి పని మొదలుపెట్టాలి. చేయలేనిది కాదు, కానీ ప్రతిసారీ చేయగలిగిందీ కాదు. ములుగు, ఆదిలాబాద్ రోగుల విషయంలో ఇది ఇంకా కష్టం. ఈ మధ్య ఆ అడ్డంకి కొంత తగ్గింది. ఫార్మలిన్‌లో ఉంచి మైనపు దిమ్మెగా మార్చిన ముక్కల నుంచి కూడా, ఆర్‌ఎన్‌ఏకు అతుక్కునే చిన్న ప్రోబ్‌లను వాడి ఒక్కో కణాన్ని చదివే పద్ధతులు వచ్చాయి. పలక మీదే, కణాన్ని కదపకుండా చదివే పద్ధతులూ వచ్చాయి. అంటే ఉత్తర తెలంగాణలోని ఏ పాథాలజీ విభాగంలోనైనా అలమరాల్లో ఉన్న దిమ్మెలు ఈ పరిశోధనకు పనికివచ్చే అవకాశం ఉంది.

అయితే అన్ని దిమ్మెలూ పనికిరావు. గడ్డ తీసిన తర్వాత ఫార్మలిన్‌లో వేయడానికి ఎంతసేపు పట్టింది, అందులో ఎన్ని గంటలు ఉంది అన్న రెండు వివరాల మీద ఆర్‌ఎన్‌ఏ మిగిలిందా, ముక్కలైందా అన్నది ఆధారపడుతుంది. పెద్ద గడ్డను కోయకుండా అలాగే సీసాలో వేస్తే ఫార్మలిన్ లోపలికి ఇంకేసరికి నడిమి భాగం కుళ్లడం మొదలవుతుంది. ఈ రెండు సమయాలను చీటీ మీద రాయడానికి, గడ్డ పక్కనున్న మామూలు పేగు నుంచి కూడా ఒక దిమ్మె తయారుచేయడానికి, పరిశోధనకు వాడుకోవచ్చని రోగి నుంచి తెలుగులో రాసిన అనుమతి పత్రం మీద సంతకం తీసుకోవడానికి కొత్త యంత్రం ఏదీ అవసరం లేదు.